నల్ల వంతెన దగ్గరి నూడుల్స్

ఆ హోటల్ ఏ సంవత్సరంలో తెరిచారో నేను ఎన్నడూ మరచిపోలేను. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజుల పాటు మండింది. ఆ రోజుల్లో అమలాపురంలో చీకటి పడ్డాక పడమటి దిక్కు ఆకాశమంతా కాషాయం పూసినట్టు ఎర్రగా కనిపించేది. కాలేజీ వదిలాక ఆ వెలుగును చూడడానికి నల్ల వంతెన మీద నిలబడేవాళ్లం. అలా నిలబడిన ఒక సాయంత్రం మా వెనక మరో మంట భగ్గుమంది. తిరిగి చూస్తే, నిన్నటి వరకు ఎరువుల బస్తాలు ఉన్న ఒక చిన్న కొట్టు ముందు, పెద్ద ఇనప కడాయి పట్టుకుని ఒక కొత్త మనిషి నిలుచుని ఉన్నాడు. కొట్టు పైన ఎర్ర రంగుతో ‘చైనీస్ ఫాస్ట్ ఫుడ్’ అని తెలుగులో రాసిన బోర్డు ఉంది.

అమలాపురంలో అప్పటికి హోటళ్లకు కొదవ లేదు. పొద్దున్నే పెసరట్టు, ఇడ్లీ పెట్టేవి, మధ్యాహ్నం అరటాకులో భోజనం వడ్డించేవి, సాయంత్రం పునుగులు, బజ్జీలు వేసే బళ్లు అన్నీ ఉండేవి. ఏ హోటల్లోనైనా వంట లోపలే జరిగేది, వంటవాడు మనకు కనిపించేవాడు కాదు. ఇక్కడ పొయ్యి వీధి ముఖాన ఉండడమే మాకు మొదటి ఆశ్చర్యం. లోపల నాలుగు బల్లలు, బయట రెండు బెంచీలు. గోడకు లక్ష్మీదేవి పటం, దాని పక్కనే ధరల పట్టిక. వెజ్ నూడుల్స్ 10 రూపాయలు, ఎగ్ నూడుల్స్ 13, చికెన్ ఫ్రైడ్ రైస్ 20, గోబీ మంచూరియా 12. యజమాని మస్కట్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగి వచ్చిన మనిషి. అక్కడి మెస్సుల్లో ఈ తిండి రుచి చూసి, ఊళ్లో ఇలాంటిది ఒకటి పెట్టాలన్న కోరికతో ఈ కొట్టు అద్దెకు తీసుకున్నానని మాతో చెప్పేవాడు. మేము ఆయనను బాబాయి అని పిలిచేవాళ్లం.

మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. నాన్నగారు రోజుకు మూడు రూపాయలు ఇచ్చేవారు. బస్సు పాసు ఉండేది కాబట్టి ఆ మూడు రూపాయలూ టీకి, ఎప్పుడైనా ఒక మరమరాల పొట్లానికి సరిపోయేవి. ముగ్గురు మిత్రులం శుక్రవారం వరకు ఆ డబ్బు కూడబెట్టుకుని, శనివారం సాయంత్రం అక్కడికి వెళ్లి ఒక ఎగ్ నూడుల్స్, ఒక గోబీ మంచూరియా చెప్పేవాళ్లం. ఒక ప్లేటును ముగ్గురికి పంచమని అడగడానికి మొదట సిగ్గుపడ్డాం. రెండోసారి వెళ్లినప్పుడు మేము అడగకుండానే మూడు ప్లేట్లలో సమానంగా పెట్టి తెచ్చారు. ఆ సమానం చూడవలసినది. కోడిగుడ్డు తునకలు కూడా లెక్కపెట్టి వేసినట్టు ఉండేవి. ఆ పని బాబాయి చేయలేదని, వంట చేసే ఆయనే చేశాడని తరువాత తెలిసింది.

ఆయన వంట చేస్తుంటే చూడడం కోసం మేము ఎప్పుడూ బయటి బెంచీ మీదనే కూర్చునేవాళ్లం. నూడుల్స్ మధ్యాహ్నమే ఉడకబెట్టి, చన్నీళ్లు పోసి వార్చి, నూనె రాసి పెద్ద పళ్లెంలో ఆరబెట్టి ఉంచేవాడు. క్యాబేజీ, క్యారెట్, బీన్స్, ఉల్లికాడలు అగ్గిపుల్లల మాదిరిగా సన్నగా తరిగి వేర్వేరు గిన్నెలలో పెట్టుకునేవాడు. మనిషి వచ్చి చెప్పాక కడాయి పొయ్యి మీద పెట్టి పొగ వచ్చేదాకా కాల్చి, నూనె తిప్పి, వెల్లుల్లి వేసి, అది రంగు తిరిగే లోపల కూరగాయలు వేసేవాడు. అక్కడి నుంచి దించేదాకా రెండు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఎడమ చేత్తో కడాయిని ముందుకు తోసి వెనక్కు లాగుతుంటే నూడుల్స్ గాలిలోకి లేచి, మంటను తాకి, మళ్లీ కడాయిలోనే పడేవి. సోయా సాస్ కడాయి అంచు మీద పోసేవాడు. అది వేడి ఇనుము మీద చుర్రుమని మాడీ మాడకుండా జారితేనే ఆ వాసన వస్తుందని, నేరుగా నూడుల్స్ మీద పోస్తే రంగు తప్ప రుచి రాదని మాకు చెప్పాడు. ఇన్నేళ్లుగా ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద నేను ఎన్నిసార్లు చేసినా ఆ వాసన రాలేదు. ఇంటి పొయ్యికి అంత మంట ఉండదు.

ప్రతి బల్ల మీద మూడు సీసాలు ఉండేవి. ఒకదానిలో నల్లటి సోయా సాస్, ఒకదానిలో ఎర్రటి చిల్లీ సాస్, మూడోదానిలో వెనిగర్‌లో నానిన పచ్చిమిరప ముక్కలు. ఊరగాయలతో పెరిగిన మాకు ఆ మూడో సీసా వెంటనే నచ్చింది. ఆవకాయకు, మాగాయకు నెలలు పట్టే పులుపు, కారం ఇక్కడ ఒక పూటలో ఎలా కలిశాయో అని ఆశ్చర్యంగా ఉండేది. ఆ సీసా మేము ఖాళీ చేస్తుంటే బాబాయి ఏనాడూ ఒక మాట అనలేదు.

ఫ్రైడ్ రైస్ విషయంలో మాత్రం మొదటి నెలలో బాబాయికి, వంట చేసే ఆయనకు మాట పట్టింపు వచ్చింది. బాబాయి తమ పొలంలో పండిన కొత్త బియ్యం తెచ్చి ఇచ్చాడు. అవి స్వర్ణ రకం. పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 రకానికి రైతులు వాడుకలో చెప్పుకునే పేరు అదే. ఆ రోజుల్లో డెల్టాలో వానాకాలపు పంట సార్వా అంటే చాలా చేలలో స్వర్ణే ఉండేది. కొత్త బియ్యం ఎంత బాగా వార్చినా మెత్తబడి ముద్ద అవుతుంది. పప్పుకు, పెరుగుకు ఆ మెత్తదనం బాగుంటుంది గాని కడాయిలో వేయించే అన్నానికి పనికిరాదు. ఏడాది దాటిన బియ్యం కావాలని, వండిన అన్నం పూర్తిగా చల్లారితేనే మెతుకుకు మెతుకు విడుతుందని వంట చేసే ఆయన పట్టుబట్టాడు. పండించిన వాడికి తెలియని సంగతి కాదు కాబట్టి బాబాయి చివరకు ఒప్పుకుని, గాదెలోని పాత బియ్యం తెచ్చాడు. ఆ తరువాత అక్కడ తిన్న ఫ్రైడ్ రైస్‌లో నేను మా చేల వాసన గుర్తుపట్టేవాణ్ని. దానిని చైనా అన్నం అని పిలవాలని నాకు ఎన్నడూ అనిపించలేదు.

వంట చేసే ఆయనను ఊరంతా బహదూర్ అని పిలిచేది. మేమూ అలాగే పిలిచాం. కొండ ప్రాంతం ముఖం కనిపిస్తే చాలు, ఆ పేరు పెట్టేయడం మా వైపు అలవాటు. ఏడాదిన్నర గడిచాక ఒక వాన సాయంత్రం, మేము తప్ప ఎవరూ లేనప్పుడు, మీ పేరు బహదూరేనా అని నేను అడిగాను. కాదన్నాడు. అసలు పేరు చెప్పాడు. ఆ పేరు ఆయన అనుమతి లేకుండా ఇక్కడ రాయడం భావ్యం కాదు. ఆ రోజు నుంచి మేము ముగ్గురం ఆ పేరుతోనే పిలిచాం. అంత ఆలస్యంగా అడిగినందుకు నాకు ఈనాటికీ బాధగా ఉంటుంది.

ఆయనది పశ్చిమ బెంగాల్ ఉత్తరాన ఉన్న కాలింపాంగ్ దగ్గర ఒక కొండ పల్లె. పన్నెండేళ్ల వయసులో కలకత్తా వెళ్లి టాంగ్రాలో ఒక హోటల్లో గిన్నెలు తోమే పనిలో చేరాడు. అక్కడే చూసి చూసి కడాయి పట్టడం నేర్చుకున్నాడు. తరువాత విశాఖపట్నం, అక్కడి నుంచి రాజమండ్రి, చివరకు రైలు లేని మా ఊరికి రావులపాలెం మీదుగా బస్సులో వచ్చాడు. టాంగ్రా అంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. చాలా ఏళ్ల తరువాత ఉద్యోగం పని మీద కలకత్తా వెళ్లినప్పుడు ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్లి చూశాను. చైనా నుంచి వలస వచ్చిన హక్కా కుటుంబాలు నగరానికి తూర్పున, ఇతరులు ముట్టడానికి ఇష్టపడని తోళ్లు శుద్ధి చేసే పని చేసుకుంటూ స్థిరపడిన చోటు అది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పరిశ్రమలను నగరం వెలుపలికి తరలించమని ఆదేశించాక అక్కడ హోటళ్లే ప్రధానమయ్యాయి. తమ కోసం వండుకున్న తిండిని ఆ కుటుంబాలు ఈ దేశపు నాలుకకు తగ్గట్టు కారం, వెల్లుల్లి పెంచి వండడం వల్లే మనం చైనీస్ అని పిలిచే ఈ వంట పుట్టింది. మంచూరియా కూడా చైనా నుంచి రాలేదు. కలకత్తాలో చైనా కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్‌లో చికెన్ ముక్కలతో మొదటిసారి చేశాడని ప్రసిద్ధి. టాంగ్రాలో నేను కూర్చున్న హోటల్ బల్ల మీద వెనిగర్ మిరపకాయల గిన్నె కనిపించగానే నాకు నల్ల వంతెన గుర్తుకు వచ్చి చాలాసేపు తినలేకపోయాను.

హక్కా వాళ్ల దగ్గర నేర్చిన వంటను ఆయన మా దగ్గర మళ్లీ మార్చాడు. మంచూరియా మీద మొదట ఉల్లికాడలు మాత్రమే చల్లేవాడు. కొన్నాళ్లకు నూనెలో వేయించిన కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయ కూడా వచ్చి చేరాయి. అడిగితే, ప్లేటులో మిగిలిపోయేవి ఏమిటో, నాకి తినేవి ఏమిటో గిన్నెలు తోమేవాడికి తెలుస్తుందని చెప్పాడు. చలికాలం పోయి కాలీఫ్లవర్ దొరకనప్పుడు క్యాబేజీ ఉండలతో మంచూరియా చేశాడు. నాకు అదే ఎక్కువ ఇష్టమైంది.

నూడుల్స్‌లో రుచి కోసం వేసే టేస్టింగ్ సాల్ట్ గురించి అప్పట్లో ఊళ్లో చాలా భయాలు ఉండేవి. అమ్మ కూడా ఆ తెల్ల పొడి తింటే మతిమరుపు వస్తుందని ఎవరో చెప్పగా విని నన్ను వెళ్లవద్దంది. జపాన్‌లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి దానిని వేరుచేశాడని, టమాటాలోనూ సహజంగా ఉండే గ్లుటమేట్‌కే అది మరో రూపమని డిగ్రీలో చదువుకున్నాక ఆమెకు వివరించాను. అమ్మ పూర్తిగా నమ్మలేదు. ఆయన మాత్రం చిటికెడుకు మించి వేసేవాడు కాదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. దీపావళికి ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ రాత్రి గురించి కోనసీమలో ఎవరిని కదిపినా చెబుతారు కాబట్టి నేను ఎక్కువ రాయను. తెల్లవారి తలుపు తీస్తే మా తోటలో ఆకాశం కనిపించింది. అంతకుముందు మా పెరట్లో నిలబడితే ఆకులు తప్ప ఆకాశం కనిపించేది కాదు. 62 కొబ్బరి చెట్లలో 9 మిగిలాయి. కొన్ని వేళ్లతో సహా పడిపోయాయి, కొన్ని నడుముకు విరిగాయి, కొన్ని నిలబడే ఉన్నా మొవ్వు తిరిగిపోయింది. మొవ్వు పోయిన కొబ్బరిచెట్టు మళ్లీ చిగురించదు. నాన్నగారు ఆ రోజంతా ఒక్కొక్క మాను దగ్గరికి వెళ్లి చెయ్యి వేసి నిలబడ్డారు. మా ఇంటి ఖర్చంతా కొబ్బరి దింపుల మీదే నడిచేది. నా చదువు కూడా అంతే.

వారాల తరబడి కరెంటు లేదు. నష్టం నమోదు చేయించడానికి నాన్నగారు కాగితాలు పట్టుకుని అమలాపురం తిరగవలసి వచ్చింది. ఒక రోజు నేను కాలేజీ నుంచి వచ్చి ఆయనను కలిసేసరికి అయిదు గంటలు దాటింది. పొద్దున్న చద్దన్నం తిని బయలుదేరిన మనిషి అప్పటిదాకా వరుసలోనే నిలబడి ఉన్నారు. ముఖం వాడిపోయింది. ఏమైనా తిందాం రండి నాన్నగారూ అంటే, ఇంటికి వెళ్లి తింటానన్నారు. ఆయన తన జీవితంలో హోటల్లో తిన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేము నల్ల వంతెన దాటుతుండగా పెట్రోమాక్స్ దీపం వెలుగులో ఆ పొయ్యి మండుతూ కనిపించింది. ఊళ్లో సగం హోటళ్లు ఇంకా తెరవలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కుపోయాను.

అది కార్తీకమాసం. నాన్నగారు కార్తీకం నెల్లాళ్లూ నీచు ముట్టరు. ఆ సంగతి నాకు బెంచీ మీద కూర్చున్నాక గుర్తుకు వచ్చింది. ఆ కడాయిలో అంతకు ముందే కోడిగుడ్డు నూడుల్స్ చేసి దించడం మేమిద్దరం చూశాం. నాన్నగారు ఏమీ అనకుండా లేవబోయారు. ఆయన నుదుటి మీది విభూతి చూసి కాబోలు, పొయ్యి దగ్గరి నుంచి ప్రశ్న వచ్చింది.

“కార్తీకమా అండి?”

నాన్నగారు తల ఊపారు.

“కూర్చోండి బాబుగారూ. అయిదు నిమిషాలు.”

ఆయన కడాయిలోని నూనె ఒక డబ్బాలోకి వంపేసి, మరిగే నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో తోమాడు. పారబోసి మళ్లీ నీళ్లు పోశాడు. మళ్లీ తోమాడు. మూడోసారి కూడా అయ్యాక గరిటెను, చట్రాన్ని, చివరకు తన చేతులను మోచేతుల దాకా కడుక్కుని, కొత్త నూనె సీసా మూత మా ఎదురుగా విప్పాడు. ఆ రోజుల్లో మంచినీళ్లకే ఊరంతా బిందెలు పట్టుకుని తిరుగుతోంది. బాబాయి లోపలి నుంచి అదంతా చూస్తూనే ఉన్నాడు గాని అడ్డు చెప్పలేదు. రోడ్లు పాడై సరుకు రాక, ఆ పూట క్యారెట్ లేదు, బీన్స్ లేవు. క్యాబేజీ, ఉల్లిపాయ, కరివేపాకు వేసి నూడుల్స్ చేసి, అరటాకు ముక్క పరిచిన పళ్లెంలో పెట్టి, ఫోర్కుకు బదులు చేతులు కడుక్కోవడానికి గోరువెచ్చటి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

నాన్నగారు చేత్తో కలుపుకుని తిన్నారు. మొదటి ముద్ద నెమ్మదిగా నమిలారు. తరువాత తల ఎత్తలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక ఆకును మడిచి పక్కన పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చున్నారు. తోట పడిపోయినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ పట్టుమని నాలుగు మాటలు మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఆయనే మాట కలిపారు.

“మీది ఏ ఊరండీ?”

ఆయన చెప్పాడు. మీకు తోటలు ఉన్నాయా అని నాన్నగారు అడిగారు. కొండవాలులో నారింజ చెట్లు ఉండేవని, కొన్నేళ్ల కిందట వానకు కొండచరియ విరిగి పడి అవన్నీ మట్టిలో కలిసిపోయాయని, ఆ తరువాతే తమ్ముడు కూడా పని వెతుక్కుంటూ ఢిల్లీ వెళ్లాడని ఆయన తన తెలుగులో, మధ్య మధ్య హిందీ కలిపి చెప్పాడు. రెండేళ్లుగా శనివారం శనివారం ఆయన ముందు కూర్చున్న నాకు ఆ సంగతి తెలియదు. నేను ఎప్పుడూ నూడుల్స్ గురించే అడిగాను.

“నారింజ నాటితే ఎన్నేళ్లకు కాపుకొస్తుంది?”

“ఆరు, ఏడు అండి.”

“కొబ్బరీ అంతే,” అన్నారు నాన్నగారు.

ఇద్దరూ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. కాలువలో ఇంకా పడి ఉన్న మాన్ల మీద నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. లేచేటప్పుడు నాన్నగారు అమ్మ కోసం ఒక పొట్లం కట్టమన్నారు. బాబాయి ఆ పొట్లానికి డబ్బు తీసుకోలేదు, నాన్నగారు ఎంత చెప్పినా వినలేదు. అరటాకులో, దాని పైన వార్తాపత్రికలో చుట్టి, దారం కట్టిన ఆ పొట్లాన్ని ఆయన బస్సులో ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. “చేతి శుచి తెలిసిన మనిషిరా,” అన్నారు, అంబాజీపేటలో దిగుతూ. అమ్మ ఆ నూడుల్స్‌ను మూకుడులో మళ్లీ వెచ్చబెట్టి, ఇది కారం వేసిన సేమ్యాలా ఉంది గాని బాగుందని, దీపం దగ్గర కూర్చుని మొత్తం తినేసింది. తెల్ల పొడి సంగతి ఆ రాత్రి అడగలేదు.

మరుసటి ఏడు తొలకరికి నాన్నగారు అంబాజీపేట పరిశోధన స్థానం నుంచి తూర్పు తీరం పొడుగు రకం మొక్కలు తెచ్చి, పడిపోయిన ప్రతి చెట్టు గుంట పక్కన ఒకటి చొప్పున నాటారు. అమలాపురం పని మీద వెళ్లినప్పుడల్లా ఆ కొట్టు దగ్గర ఆగేవారు. ఎప్పుడైనా తినేవారు, తరచుగా ఊరికే కూర్చుని మాట్లాడి వచ్చేవారు. ఇంటి నుంచి రెండు కాయలు సంచిలో వేసుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నారు. 1999 వేసవిలో వంట చేసే ఆయన తన ఊరు వెళ్లిపోయాడు. కూడబెట్టిన డబ్బుతో మళ్లీ నారింజ నాటుతానని నాన్నగారితో చెప్పి వెళ్లాడట. నేను అప్పటికే ఉద్యోగం వచ్చి విశాఖపట్నంలో ఉన్నాను, వీడ్కోలు చెప్పలేకపోయాను. కొత్త వంటవాళ్లతో బాబాయి ఇంకో రెండేళ్లు నడిపి కొట్టు ఇచ్చేశాడు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

2004లో ఒక ఆదివారం నాన్నగారు ఫోను చేశారు. తుపాను తరువాత నాటిన మొక్కల్లో నాలుగు గెలలు వేశాయని, వీధి వైపు చెట్టుకు పిందె బాగా నిలిచిందని చెప్పారు. అమ్మ ఆరోగ్యం, నా జీతం, పక్కింటి వాళ్ల పెళ్లి అన్నీ అయిపోయి, ఇక పెట్టేస్తానంటూనే ఒక్క క్షణం ఆగారు.

“ఆయన నారింజలు కూడా వచ్చే ఏటికి కాపుకొస్తాయిరా,” అన్నారు.